తొవ్వ నడుమ ఆరిపోని లైటు

పోయిన ఏడాది వానకాలం. ఆదివారం పొద్దున ఆరింటికే నాయిన ఫోను. అంత పొద్దున్నే ఊరి నుంచి ఫోనొచ్చిందంటే ఎవరికో ఏదో అయిందని గుండె గుభేలుమంటుంది కదా. ఎత్తగానే ఒకటే మాట.

"నీ లైటు తొవ్వ నడుమ ఆరిపాయెరా."

ఆ లైటు కొన్నది కాదు, నేను చేసింది. లోపలి సర్క్యూట్ బోర్డు దగ్గర నుంచి వెలుగు ఎప్పుడు తగ్గాలో చెప్పే ప్రోగ్రాము దాకా అన్నీ మా రెండు గదుల ఇంట్లో, వంటగది గట్టు మీద తయారైనవే. కాబట్టి అది ఆరిపోతే తప్పు ఏ కంపెనీ మీదా వేయడానికి లేదు.

మా ఊరు అచ్చంపేట దాటాక, నల్లమల అంచున ఉంటుంది. మక్కకంకి పాలు పోసుకునే వేళకు అడవి పందులు మందలు మందలుగా చేలల్లోకి దిగుతాయి. ఒక్క రాత్రి కాపలా లేకపోతే తెల్లారేసరికి అరెకరం నేలమట్టం. అందుకే ఆ నెలన్నర రోజులు ఇంటికొకరు చేలోనే పడుకుంటారు. మంచె మీద గొంగడి, పక్కన కర్ర, చేతిలో లైటు. నాయినకు అరవై ఎనిమిదేళ్లు. "ఎందుకు నాయినా, పడుకోవడానికి ఎవర్నన్నా మాట్లాడదాం" అంటే వినడు. "పందులు నా కూతకే ఉరుకుతయిరా" అంటాడు.

ఆ రాత్రి మంచె దిగి, చేను మధ్యలో చప్పుడైన వైపు నడిచాడట. పందుల్ని తరిమాడు. తిరిగి వస్తుంటే లైటు టప్పున ఆరిపోయింది. మసకబారడం లేదు, మినుకుమనడం లేదు. స్విచ్ వెనక్కీ ముందుకీ జరిపితే ఒక్క క్షణం వెలిగి మళ్లీ చీకటి. మబ్బు పట్టిన రాత్రి, తలెత్తు మక్క. అప్పుడు కాళ్ల ముందర బుస వినపడింది. కుక్కరు ఆవిరి వదిలినట్టు, ఆగకుండా.

రక్తపింజరి బుస విన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. అది ఎంత దూరంలో ఉందో, ఎటు ఉందో చీకట్లో తెలియదు. అడుగు వెనక్కి వేయాలా, ముందుకు వేయాలా? నాయిన ఏ అడుగూ వేయలేదు. డబ్బా ఫోను మంచె మీదే ఉండిపోయింది. దానికున్న చిన్న లైటు కూడా చేతిలో లేదు. నిలబడి పక్క చేను కాపలాదారును కేకేశాడు. ఆయన బండి స్టార్ట్ చేసి, ఒడ్డు మీదుగా లైటు కొట్టేసరికి పావుగంట పట్టింది. అప్పటికి బుస ఆగింది. పాము కనిపించలేదు.

పావుగంట! ఫోన్లో నాయిన దాన్ని "జరసేపు" అన్నాడు.

పాముకాటు సంగతి మనకు తెలిసిందే అనుకుంటాం కానీ, లెక్క చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో చనిపోయినవారు దాదాపు 12 లక్షలని, అంటే ఏటా సగటున 58 వేల మందని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. చావులు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. చాలావరకు పల్లెల్లోనే, అందులో సగం వానకాలంలోనే. అంటే సరిగ్గా మా నాయిన మక్కచేలో తిరిగే రోజుల్లోనే.

అసలు ఈ పని ఎందుకు పెట్టుకున్నట్టు?

నేను డిప్లొమాలో ఎలక్ట్రానిక్స్ చదివాను. హైదరాబాద్‌లో యూపీఎస్‌లు, ఇన్వర్టర్లు రిపేరు చేస్తాను. లైట్ల పిచ్చి మొదలై ఆరేళ్లు. ప్రపంచంలో చాలామందికి ఈ పిచ్చి ఉందని తర్వాత తెలిసింది. కొందరు అరచేతిలో పట్టే లైటుతో కిలోమీటరు దూరం కొండను వెలిగిస్తారు. నేనూ మొదట అదే దారిలో పోయాను. మేడ మీద నుంచి రెండు వీధుల అవతలి వాటర్ ట్యాంకును వెలిగించి మురిసిపోయేవాణ్ని. దానివల్ల ఎవరికేం లాభమో మా ఆవిడ అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

నాయిన దగ్గర ఒక పాత మూడు సెల్లుల టార్చి ఉంది. ఇత్తడి గొట్టం, మీద నికెల్ పూత సగం పోయింది. మా తాత కొన్నది. ఊళ్లో అందరూ ప్లాస్టిక్ చార్జింగ్ లైట్లకు మారినా ఆయన దాన్ని వదల్లేదు. ఆ ప్లాస్టిక్ లైట్లు కూడా రెండు వానకాలాలు దాటవు. బజార్లో, ఆన్‌లైన్లో దొరికే కొన్నింటి మీద రాతలు చూడండి: లక్ష ల్యూమెన్లు, 9,900 ఎంఏహెచ్ సెల్లు! 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవుండే 18650 లిథియం సెల్లులో మంచి కంపెనీ సరుకైనా 3,500 దరిదాపుల్లోనే ఉంటుంది. 9,900 అని రాసుందంటే అది అబద్ధం, అంతే. మీ ఇంట్లో అలాంటిది ఉంటే చార్జింగ్ పెట్టి పడుకోకండి.

అందుకే అనుకున్నాను: తాత టార్చి గొట్టం అలాగే ఉంచి లోపల కొత్త ప్రాణం పోద్దామని. మూడు పాత సెల్లుల బదులు 26650 అనే లావుపాటి లిథియం సెల్లు ఒకటి. దాని చుట్టూ పీవీసీ పైపు ముక్క, మిగిలిన చోటును నింపడానికి ఒక అల్యూమినియం కడ్డీ. బల్బు బదులు ఎల్ఈడీ. ఈ రెంటి మధ్య నా బోర్డు.

తూములెన్ని?

ఎల్ఈడీని నేరుగా సెల్లుకు కలిపితే వెలగదా అంటే వెలుగుతుంది. ఎలా వెలుగుతుందన్నదే సమస్య. పాత ఫిలమెంటు బల్బు కాస్త బుద్ధిమంతురాలు. వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరిగి, కరెంటును తనే అదుపు చేసుకుంటుంది. ఎల్ఈడీకి ఆ బుద్ధి లేదు. వోల్టేజి కొద్దిగా పెరిగితే కరెంటు ఎగబడుతుంది. వేడెక్కితే ఇంకా ఎక్కువ తాగుతుంది. మరోవైపు లిథియం సెల్లు నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు, ఖాళీ అవుతుంటే 3 దాకా దిగుతుంది. ఈ రెంటికీ మధ్యవర్తి కావాలి. ఆ మధ్యవర్తినే డ్రైవర్ అంటారు.

చెరువు సంగతి తీసుకోండి. నీళ్లు అలుగు పారుతున్నా, సగానికి దిగినా, తూములోంచి కాలవకు ఒకే లెక్కన పారాలి. ఏఎంసీ 7135 అనే బుల్లి చిప్పు సరిగ్గా అలాంటి తూమే. 350 మిల్లీ ఆంపియర్లకు మించి పోనివ్వదు. బియ్యపు గింజంత ఉంటుంది. ఎనిమిదింటిని పక్కపక్కన పెడితే 2.8 ఆంపియర్లు. నేను వాడిన ఎక్స్ఎం-ఎల్2 ఎల్ఈడీ 3 ఆంపియర్ల దాకా తట్టుకుంటుంది కాబట్టి ఎనిమిది తూములు సరిపోయాయి.

ఇంతకన్నా తెలివైన డ్రైవర్లున్నాయి. చుట్ట తీగలు పెట్టి, కరెంటును సెకనుకు లక్షల సార్లు తెంచి కలిపి, వేడి వృథా కాకుండా చూసేవి. నా తూము పద్ధతిలో మిగులు వోల్టేజి అంతా వేడిగా పోతుంది. సెల్లు నిండుగా ఉన్నప్పుడు బోర్డు మీదే రెండున్నర వాట్లు వృథా. అయినా దీన్నే ఎంచుకున్నాను. చెడిపోవడానికి ఇందులో పెద్దగా ఏమీ లేదు. ఒక తూము పోయినా మిగిలిన ఏడూ పనిచేస్తాయి.

ఏ తూము ఎప్పుడు తెరవాలో చెప్పే మేస్త్రీ ఏటీటైనీ 13ఏ అనే ఎనిమిది కాళ్ల మైక్రోకంట్రోలర్. దాని మొత్తం ప్రోగ్రాము జాగా 1 కిలోబైటు. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ వ్యాసంలో ఒక పేరా కంప్యూటర్లో దాచడానికి అంతకంటే ఎక్కువే కావాలి! అంత ఇరుకు గదిలో కాపురం పెట్టాలి.

ఇస్త్రీ పెట్టె, ఐస్‌క్రీం డబ్బా, దోసె పెనం

ఇక బోర్డు తయారీ. బోర్డు గీసి ఆన్‌లైన్లో పంపితే చైనా నుంచి ఐదో పదో చేసి పంపుతారు, ఖర్చు కూడా పెద్దగా కాదు. కానీ రావడానికి వారాలు పడుతుంది. తప్పు గీస్తే మళ్లీ వారాలు. ఇంట్లో అయితే సాయంత్రం గీసింది రాత్రికి చేతిలో ఉంటుంది. తప్పయితే ఆ రాత్రే తెలుస్తుంది.

కోఠి గుజరాతీ గల్లీకి పోతే రాగి రేకు అంటించిన ఫైబర్ బోర్డు షీటు దొరుకుతుంది. దాన్ని గిన్నెలు తోమే పచ్చ పీచుతో మెరిసేదాకా రుద్ది, నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడవాలి. వేలిముద్ర పడినా అక్కడ మరక నిలుస్తుంది. తర్వాత సర్క్యూట్ బొమ్మను లేజర్ ప్రింటర్ మీద నున్నటి కాగితంపై ప్రింటు తీయాలి. ప్రత్యేకమైన కాగితాలు అమ్ముతారు కానీ, నాకు బాగా పనికొచ్చింది వారపత్రికల రంగుల పేజీ. (సంపాదకులు క్షమించాలి.) ఒక హీరోయిన్ ముఖచిత్రం మీద ఎనిమిది తూములు ప్రింటు తీశాను. పత్రిక రంగు రాగికి అంటుకోదు. లేజర్ ప్రింటర్ టోనర్ మాత్రం వేడికి కరిగి అతుక్కుంటుంది. అది ప్లాస్టిక్ పొడి కదా.

ప్రింటును రాగి మీద బోర్లించి, ఆవిరి లేకుండా ఇస్త్రీ పెట్టె నూలు బట్టల వేడి మీద పెట్టి ఐదు నిమిషాలు అదమాలి. అంచులు ముఖ్యం. తర్వాత నీళ్లలో నానబెట్టి, బొటనవేలితో కాగితాన్ని మెల్లగా రుద్ది తీసేస్తే రాగి మీద నల్లటి గీతలు మిగులుతాయి. తెగిన చోట పర్మనెంట్ మార్కరుతో అతకాలి.

ఇక్కడే నా మొదటి బోర్డు బోల్తా కొట్టింది. బోర్లించి అంటిస్తే బొమ్మ కుడి ఎడమైపోతుంది. కాబట్టి ముందే అద్దంలో బొమ్మలా తిప్పి ప్రింటు తీయాలి. తిప్పడం మర్చిపోయాను. బోర్డంతా తయారై, చిప్పు అతికించబోతే ఒకటో కాలు ఉండాల్సిన చోట ఎనిమిదో కాలు! చిప్పును వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లను వెనక్కి వంచి అతికిద్దామని గంటన్నర కుస్తీ పట్టాను. రెండు కాళ్లు విరిగాయి. మా చిన్నది చూసి "నాన్నా, అది చచ్చిపోయిన బొద్దింకలా ఉంది" అంది. నిజమే, ఈ పని చేసేవాళ్లు ఇంగ్లీషులో దానికి పెట్టుకున్న ముద్దుపేరు కూడా దాదాపు అలాంటిదే.

గీతలు కుదిరాక ఫెర్రిక్ క్లోరైడ్. ఐస్‌క్రీం ప్లాస్టిక్ డబ్బాలో గోరువెచ్చటి నీళ్లలో కలిపి బోర్డును వేసి ఊపుతూ ఉంటే, పావుగంట, ఇరవై నిమిషాల్లో టోనర్ కప్పని చోట రాగి అంతా కరిగిపోతుంది. చేతులకు గ్లౌజులు, కిటికీలు బార్లా. లోహపు గిన్నెలో కలిపితే గిన్నెనే తింటుంది. వాడేసిన ద్రావణం మోరీలో పోయకూడదు, అందులో రాగి ఉంటుంది. నేను సీసాల్లో పోసి పెడుతున్నాను. బాల్కనీలో ఇప్పటికి మూడు సీసాలయ్యాయి. ఒకసారి స్టీలు సింకులో నాలుగు చుక్కలు చిందాయి. ఆ మరక పోలేదు. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ అది ఎలా వచ్చిందో మా ఆవిడ ఓపిగ్గా చెబుతుంది.

ఎల్ఈడీని అతికించే పని ఇంకో రకం. దాని అడుగున వేడి దిగిపోయే రాగి మెత్త ఉంటుంది. మామూలు సోల్డరింగ్ ఐరన్ మొన దానికి అందదు. అందుకని రాగి పలక మీద సోల్డర్ పేస్ట్ పూసి, ఎల్ఈడీని పైన పెట్టి, మొత్తాన్ని పెనం మీద వేడి చేయాలి. తగరం, సీసం కలిసిన ఆ పేస్ట్ 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. బూడిద రంగు ముద్ద ఒక్కసారిగా వెండిలా మెరిసి, వంకరగా ఉన్న ఎల్ఈడీ తనంతట తానే జరిగి సరిగ్గా కూర్చుంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాని దృశ్యం అది. సీసం తగిలిన పెనం మాత్రం మళ్లీ వంటకు పనికిరాదు. "ఇగ దోసెలు మీ బోర్డు మీదనే ఏస్కోండి" అంది మా ఆవిడ. కొత్త పెనం కొనిచ్చాను.

ఎల్ఈడీ తాగే పది వాట్లలో సగానికి పైగా వేడే. ఆ వేడి ఎక్కడికో పోవాలి. బాలానగర్లో ఒక లేత్ షాపులో అల్యూమినియం దిమ్మెను టార్చి తలలో బిగుతుగా దిగేలా తిప్పించాను. "ఏం మెషినుకండీ?" అని అడిగాడు మిషన్ మీదున్న అబ్బాయి. టార్చికని చెబితే నమ్మలేదు. దాని మీద ఎల్ఈడీ, అడుగున బోర్డు. వేడి దిమ్మెలోంచి ఇత్తడి గొట్టంలోకి, గొట్టంలోంచి పట్టుకున్న చేతికి. ఐదు నిమిషాల్లో గొట్టం వెచ్చబడిందంటే పని సరిగా జరుగుతున్నట్టు. గొట్టం చల్లగా ఉండి లైటు వెలుగుతోందంటేనే భయపడాలి.

పాత అద్దం, అంటే రిఫ్లెక్టరు, ఇంకో మూడు రాత్రులు తినేసింది. అది ఫిలమెంటు కోసం చేసింది. ఎల్ఈడీ ఒక్క మిల్లీమీటరు కిందికి జరిగినా గోడ మీద వెలుగు గారెలా పడుతుంది, మధ్యలో నల్లటి చిల్లుతో. వాషర్లు మార్చి మార్చి చూస్తే చివరికి కుదిరింది. తాత టార్చి, పాత బల్బుతో పదీ ఇరవై ల్యూమెన్లు ఇచ్చినట్టుండేది, ఇప్పుడు ఏడెనిమిది వందలు ఇస్తోంది. దసరాకు ముందు ఊరికి తీసుకుపోయి నాయిన చేతికిచ్చాను. చేను ఈ చివర నుంచి ఆ చివర చింతచెట్టు దాకా కొట్టి చూసి, "మస్తున్నది" అన్నాడు. అంతకుమించి పొగడ్త ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. అది ముందటి ఏడు. కాపలా సీజను అప్పటికే ముగిసింది. అసలు పరీక్ష మరుసటి వానకాలంలో వచ్చింది.

శవపరీక్ష

ఫోనొచ్చిన రోజే బస్సెక్కాను. సాయంత్రం అరుగు మీద కూర్చుని టార్చి విప్పి, సెల్లు వోల్టేజి చూశాను. 3.41. నమ్మలేక మళ్లీ చూశాను. 3.41!

విషయం ఏమిటంటే, లిథియం సెల్లును మరీ పీల్చేస్తే అది పాడవుతుంది. అలా పాడైన సెల్లును మళ్లీ చార్జింగ్ పెడితే ప్రమాదం కూడా. అందుకే వోల్టేజి 3కు దిగగానే లైటు ఆర్పేయమని నేనే ప్రోగ్రాములో రాశాను. రెండు రెసిస్టర్లు సెల్లు వోల్టేజిని చిన్న పాళ్లలో చిప్పుకు చూపిస్తాయి. అది చూస్తూ ఉంటుంది. నా బల్ల మీద లావు తీగలతో పరీక్షిస్తే అణువంత తేడా లేకుండా 3.0 దగ్గర ఆరింది. గర్వపడ్డాను.

కానీ టార్చిలో కరెంటు వచ్చే దారి వేరు. వెనక మూత స్ప్రింగు, ఇత్తడి గొట్టం, అరవై ఏళ్ల నాటి జారుడు స్విచ్ పట్టీ. స్ప్రింగుకు పక్కనే రాగి తీగ అతికించాను కానీ, స్విచ్ పట్టీని వదిలేశాను. వానకాలం చెమ్మకు దాని మీద కిలుము. పట్టీ దగ్గర ఒక ఓములో పదో వంతు అడ్డు ఉన్నా, 2.8 ఆంపియర్లు పారేటప్పుడు అక్కడే 0.28 వోల్టు పడిపోతుంది. బరువు మీదున్న సెల్లు కూడా కొంత కుంగుతుంది. అంటే సెల్లులో ఇంకా సత్తువ ఉన్నా, బోర్డుకు మాత్రం 3 వోల్టులే కనబడ్డాయి. అది చెప్పిన మాట విని ఆర్పేసింది. నాయిన స్విచ్ జరిపినప్పుడల్లా ఒక్క క్షణం వెలిగి ఆరిందన్నాడే, అది ఇదే. బరువు దిగితే సెల్లు తేరుకుంటోంది, బరువెత్తగానే మళ్లీ కుంగుతోంది. గుట్ట ఎక్కలేక ఆగిన ఎద్దుకు కాడి దించితే ఎలా ఊపిరి తీసుకుంటుందో, అలా.

ఎనిమిది తూములూ మూసి ఒకే తూమును సన్నగా తెరిచి ఉంటే, ఆ సెల్లు తెల్లారేదాకా నాయిన కాళ్ల ముందు వెలుగు చూపించేది. నేను సెల్లు ప్రాణం గురించే ఆలోచించాను. అది ఎవరి చేతిలో ఉంటుందో ఆలోచించలేదు.

ఇంకో మాట నాయిన అన్నాడు. "పాత బల్బు గిట్ల జెయ్యదురా. ముందుగాల ఎర్రగయితది. ఎర్రగయిందంటే ఇంటికి మర్లాలె అని మనకు తెలుస్తది." నిజం. పాత సెల్లులు మెల్లగా చచ్చిపోయేవి. పసుపు, నారింజ, ఎరుపు. గంట ముందే కబురు చెప్పేవి. మరునాడు ఎండలో పెడితే ఇంకో పూట లాక్కొచ్చేవి కూడా. నా ఎనిమిది తూముల బోర్డు గొప్పతనమేమిటంటే, చెరువు ఎంత ఎండినా కాలవలో నీళ్లు తగ్గినట్టు తెలియనివ్వదు. చివరి క్షణం దాకా ఒకే వెలుగు. లైట్ల పిచ్చోళ్లం మేము దాన్నే గొప్పగా చెప్పుకుంటాం. చేలో నిలబడ్డవాడికి అదే మోసం.

రెండో బోర్డు

హైదరాబాద్ వచ్చి మళ్లీ ఇస్త్రీ పెట్టె తీశాను. ఈసారి అద్దంలో బొమ్మ మర్చిపోలేదు.

ఒక తూమును మిగిలిన ఏడింటి నుంచి విడదీసి, చిప్పు వేరే కాలికి కలిపాను. ప్రోగ్రాము కొత్తగా రాశాను. వోల్టేజి 3.3కు దిగితే ఆర్పదు. రెండుసార్లు కన్ను కొట్టినట్టు మినుకుమని, వెలుగు సగానికి దిగుతుంది. కాసేపటికి మళ్లీ దిగితే మళ్లీ రెండుసార్లు మినుకుమని, ఒక్క తూముకు వస్తుంది. పాత బల్బు కంటే అది ఇంకా ఎన్నో రెట్లు వెలుగే. చివరికి ఆ ఒక్క తూమునూ సెకనుకు వేల సార్లు తెరిచి మూస్తూ 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర నిలుపుతుంది. వెన్నెల లాంటి వెలుగు. అడుగు ముందు ఏముందో కనిపిస్తుంది, అంతే చాలు. పూర్తిగా ఆరడం 2.8 దగ్గర. వెన్నెల వెలుగులో పట్టీ మీద పడిపోయే వోల్టేజి లెక్కలోకి రాదు కాబట్టి, ఈసారి ఆ అంకె నిజమైన అంకె. స్విచ్ పట్టీని కూడా రుద్ది, పక్కన అల్లిన రాగి తీగ వేశాను.

బజారు లైట్లలో ఉండే టపటపలాడే డిస్కో వెలుగు, ఎస్ఓఎస్ లాంటివి పెట్టలేదు. చీకట్లో పామును చూసినప్పుడు లైటు డిస్కో మొదలుపెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. 1 కిలోబైటులో మిగిలిన జాగా 40 బైట్లు. దాన్ని అలాగే వదిలేశాను.

పరీక్ష మాత్రం బల్ల మీద కాదు, టార్చిలోనే. నిండా చార్జ్ చేసి, రాత్రి తొమ్మిదింటికి వెలిగించి, పక్కన నోటుబుక్కు, ఫ్యాను గాలి. పూర్తి వెలుగు దాదాపు గంటా ఇరవై ఐదు నిమిషాలు. మొదటి మినుకు. సగం వెలుగు ఇంకో పావుగంట. రెండో మినుకు. ఒక్క తూము మీద నలభై నిమిషాలు. తర్వాత వెన్నెల. అది మొదలయ్యేసరికి పదకొండూ ఇరవై అయింది. పన్నెండుకు వెలుగుతోంది. ఒంటిగంటకు వెలుగుతోంది. రెండింటికి నిద్ర ఆపుకోలేక పడుకున్నాను. నాలుగున్నరకు మెలకువొచ్చి చూస్తే గది గోడ మీద ఇంకా ఉంది ఆ వెలుగు. మా ఆవిడ కూడా లేచి ఉంది. "ఇంకా ఆరలేదు" అంది నాకంటే ముందు.

ఖర్చు అడుగుతారేమో. సెల్లు, ఎల్ఈడీ, చిప్పులు, లేత్ కూలీ, మంచి చార్జర్ విడిచి మొత్తం పద్నాలుగు వందల దాకా అయింది. పెనం కలపలేదు. చార్జర్ విషయంలో మాత్రం పిసినారితనం చేయకండి. 4.2 దగ్గర తనంతట తాను ఆపే చార్జరే వాడాలి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోంచి పీకిన, పై తొడుగు చిరిగిన సెల్లులు పనికిరావు. ఒకసారి నా చేతిలోని ట్వీజర్ జారి అలాంటి సెల్లు రెండు కొసలకూ ఒకేసారి తగిలింది. నిప్పురవ్వ ఎగిరి, ట్వీజర్ అక్కడే అతుక్కుపోయింది. పీకి బయట మట్టిలో పడేసేంతలో బొటనవేలు బొబ్బెక్కింది. ఎల్ఈడీ పాడైతే చీకటి, అంతే. లిథియం సెల్లు పాడైతే మంట.

టార్చి తీసుకుని మళ్లీ ఊరికి పోయాను. మక్కకు ఇంకో ఇరవై రోజుల కాపలా మిగిలి ఉంది. నాయిన దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆరిపోదు గదా?"

"ఆరిపోయే ముందు చెప్తది నాయినా. రెండుసార్లు కొడ్తది. అట్ల కొట్టినంక కూడా ఇల్లు చేరేదాకా ఉంటది."

"చూస్త మరి" అన్నాడు. నమ్మకమా, అనుమానమా తెలియలేదు. డబ్బా ఫోనుకు తాడు కట్టి మెళ్లో వేసుకోమని అమ్మతో కూడా చెప్పించాను. అది మాత్రం ఒప్పుకున్నాడు. పక్క చేను ఆయన వచ్చి తనకూ ఒకటి చేసివ్వమన్నాడు. ఆ రోజు బండి లైటుతో వచ్చిన మనిషి ఆయన. కాదనడానికి నోరు రాలేదు. ఆయన టార్చి స్టీలుది, తల ఇరుకు. దానికి బోర్డు ఇంకా చిన్నదిగా గీయాలి. ఆ పని ఇప్పుడు నా బల్ల మీద ఉంది.

రెండు వారాల తర్వాత ఒక రాత్రి, ఒంటిగంట దాటాక ఫోను మోగింది. నాయిన. గుండె మళ్లీ గుభేలుమంది.

"రెండుసార్లు కొట్టింది. ఇంటికి వోతున్న."

"సరే నాయినా. ఫోను పెట్టకు."

పెట్టలేదు. మాట్లాడనూ లేదు. మక్క ఆకులు బట్టలకు రాసుకునే చప్పుడు, చెప్పుల చప్పుడు, మధ్యలో ఒకసారి దగ్గు. తర్వాత ఊరి కుక్క మొరిగింది. గేటు గడియ తీసిన శబ్దం.

"ఇంకా ఎలుగుతనే ఉన్నది. పండుకో" అని పెట్టేశాడు.